మీకు తెలుసా? గబ్బూరు పక్కింట్లో ఇటలీ రాయి

రాయచూరు జిల్లా దేవదుర్గ తాలూకాలో గబ్బూరు పాత ఊరు. పురాతనమైన గుళ్లు, రాతి శాసనాలు ఉన్న ఊరు. పూర్వం గోపురగ్రామం అనేవారని చెబుతారు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ సీమలో కన్నడం, తెలుగు, ఉర్దూ ఒకే బజారులో వినిపిస్తాయి. 1956 దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. గద్వాల, ఆలంపురం తాలూకాలు అప్పట్లో ఈ జిల్లాలోవే. ఆ ఏడాది నవంబరు 1న హద్దులు మారాయి, మాటల రాకపోకలు మాత్రం ఆగలేదు.

ఈ ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. జి, ఏ, బి, బి, యు, ఆర్. ఇప్పుడు ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తెరిచి, ఈ పేరుకు ఎక్కడ చోటివ్వాలో వెతకండి. అలా వెతికితే దొరికిన పొరుగువాళ్ల కథలే ఇవి. నిఘంటువులో అక్షరం చూసి ఇల్లు ఇస్తారు, వంశం చూసి కాదు. అందుకే అక్కడ గోడకు గోడ ఆనుకుని ఉన్న రెండు మాటలు వేరువేరు సముద్రాలు దాటి వచ్చి ఉంటాయి.

1. గబ్బూరుకు పైన 'గాబ్రో', కింద 'గాబీ'

అక్షరక్రమంలో మొదట 'గాబుల్' వస్తుంది. అర్థం కాకుండా గడగడా మాట్లాడటం అని దాని భావం. తర్వాత 'గాబ్రో', ఆ తర్వాత మన గబ్బూరుకు చోటు, దాని కింద 'గాబీ', అంటే వాగుడుకాయ. రెండు వాగుళ్ల మధ్య ఒక రాయి, ఒక ఊరు ఉన్నాయన్నమాట. గాబ్రో నల్లటి బరువైన శిల. భూమి లోతుల్లో శిలాద్రవం నెమ్మదిగా చల్లారినప్పుడు ఏర్పడుతుంది. అదే ద్రవం పైకి ఉబికి త్వరగా గడ్డకడితే బసాల్టు అవుతుంది. నెమ్మదిగా చల్లారింది కాబట్టి గాబ్రోలో స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవిగా ఉంటాయి. అసలు విశేషం దాని పేరులో ఉంది. గాబ్రో అనేది ఇటలీలో టస్కనీ ప్రాంతంలోని ఒక చిన్న పల్లె. జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త లియోపోల్డ్ ఫాన్ బుఖ్ ఆ పల్లె పేరునే రాతికి ఖాయం చేశాడు. రాతి గుళ్ల పల్లెకు అక్షరక్రమం ఇచ్చిన పొరుగు, రాతికి పేరిచ్చిన ఇంకో పల్లె.

2. పందికొక్కుకూ బండికీ మధ్య ఒక దొంగ

'బాండికూట్' మన పందికొక్కే. పంది లాంటి కొక్కు అని తెలుగువాళ్లు పెట్టిన పేరు ఇంగ్లీషులోకి వెళ్లి, అక్కడి నుంచి శాస్త్రీయ నామంలోకీ ఎక్కింది. దాని ప్రజాతి పేరు 'బాండికోటా'. ఆస్ట్రేలియాలో కడుపుసంచి ఉన్న ఒక చిన్న జంతువును చూసిన తెల్లవాళ్లు దానికీ ఈ పేరే పెట్టారు. ఈ మాటకు కాస్త ముందు 'బందానా' ఉంటుంది. హిందీ 'బాంధ్నూ', అంటే ముడి వేసి రంగు అద్దే పద్ధతి, దాని మూలం. వెనకే 'బండిట్'. వినడానికి మన బందిపోటులా ఉన్నా అది ఇటలీ మాట, వెలివేయబడ్డవాడని అర్థం. ఇంకాస్త కిందికి దిగితే 'బ్యాండీ'. ఈ రూపంలో ఒకటి కంటే ఎక్కువ మాటలున్నాయి. వాటిలో ఒకటి అచ్చంగా మన ఎద్దుల బండి. దక్షిణాదిన పనిచేసిన ఇంగ్లీషువాళ్లు రాసుకున్న మాట అది.

3. పిట్ట, రొట్టె, చాలీచాలని జీతం

ఇంగ్లీషు నిఘంటువులో 'పిట్టా' అనే పక్షి ఉంది. ఆ పేరు తెలుగు 'పిట్ట' నుంచే వెళ్లింది. 1816లో ఫ్రెంచి పక్షిశాస్త్రవేత్త వియ్యో దాన్ని ఒక ప్రజాతికి పేరుగా పెట్టాడు. మనం పొన్నంగి పిట్ట అని పిలిచే రంగురంగుల పక్షి ఆ కుటుంబంలోదే. ఆగ్నేయాసియా అడవుల్లో, ఆస్ట్రేలియాలో ఎగిరే దాని బంధువులను కూడా ప్రపంచమంతా తెలుగు మాటతోనే పిలుస్తోంది. దాని పక్కనే అదే స్పెల్లింగుతో రాయదగిన 'పిట్టా' ఇంకొకటి ఉంది. అది గ్రీకు నుంచి వచ్చిన రొట్టె. దాని కింద 'పిటెన్స్', అంటే చాలీచాలని జీతం. 'పిటీ', అంటే జాలి, దీనికి అసలు చుట్టం. మఠాల్లోని సన్యాసులకు కాస్త మంచి భోజనం పెట్టమని దాతలు రాసిచ్చిన చిన్న దానాన్ని మొదట్లో పిటెన్స్ అనేవారు.

4. కాసులు, జీడిపప్పు, ఉద్యోగం ఊడటం, శాలువా: అన్నీ ఒకే పేజీలో

నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీ ఇదే. 'క్యాష్' అంటే డబ్బు. ఫ్రెంచిలో దాని మూలానికి పెట్టె అని అర్థం. పెట్టె పేరు పెట్టెలోని సొమ్ముకు వచ్చింది. కానీ అదే స్పెల్లింగుతో ఇంకో 'క్యాష్' కూడా ఉంది. అది మన కాసు. తమిళంలోనూ కాసే. పోర్చుగీసువాళ్ల నోట నలిగి ఇంగ్లీషుకు చేరింది. మద్రాసు పాత నాణేల లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక నక్షత్ర వరహా. మన ఇళ్లలో కాసులపేరు మెడలో వేసుకున్న ప్రతి అమ్మమ్మా ఈ మాటకు సాక్షి.

తర్వాత 'క్యాష్యూ', మన జీడిపప్పు. డబ్బుతో దానికి ఏ సంబంధమూ లేదు. బ్రెజిల్ ఆదివాసుల టూపీ భాషలో 'అకజూ' దాని పేరు. పోర్చుగీసువాళ్లు చెట్టునూ పేరునూ కలిపే మన తీరానికి తెచ్చారు. ఆ కింద 'క్యాషియర్'. బ్యాంకులో కూర్చునే క్యాషియర్ డబ్బు పెట్టెకు చుట్టమే. కానీ సైన్యంలోంచి అవమానకరంగా తొలగించడం అనే అర్థమిచ్చే క్రియ 'క్యాషియర్' వేరు. పగలగొట్టడం అనే లాటిన్ మాట నుంచి డచ్చి మీదుగా వచ్చింది. చివర 'క్యాష్మియర్', కాశ్మీరు మేకల ఉన్ని. నాలుగు వరసల్లో యూరప్, దక్షిణ భారతం, బ్రెజిల్, కాశ్మీరు.

5. 'జింజర్‌లీ'లో అల్లం లేదు

'జింజెల్లీ' అంటే నువ్వులు. కొట్టులో నువ్వుల నూనె సీసా మీద ఈ మాట చూసే ఉంటారు. దాని మూలం అరబ్బీ 'జుల్‌జులాన్'. తర్వాత 'జింజర్', అల్లం. సంస్కృతంలో శృంగవేరం, కొమ్ము ఆకారం కలది అని అర్థం చెబుతారు. కానీ ద్రావిడ భాషల 'ఇంజి'కి 'వేరు' చేరిన పాత మాటనే సంస్కృతం అలా మలచుకుందని భాషావేత్తల అభిప్రాయం. ఆ వేరు మన చెట్టు వేరే. అది గ్రీకు, లాటిన్ మీదుగా లండన్ చేరింది. మూడో మాట 'జింజర్‌లీ'. అంటే ఆచితూచి, సుతారంగా. ఇందులో అల్లం ఘాటు వెతకొద్దు. నాజూకు అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట దీనికి మూలమని నిఘంటుకారులు అంటారు. నాలుగోది 'గింగమ్', చారల, గళ్ల నూలు గుడ్డ. అది మలయ్ భాష నుంచి వచ్చింది.

6. 'ఇండిజినస్' ఇండియా బిడ్డ కాదు

స్వదేశీ అని చెప్పడానికి 'ఇండిజినస్' అంటాం కాబట్టి అందులో ఇండియా ఉందని చాలామంది నమ్ముతారు. ఇండియా సింధు నది నుంచి వచ్చిన పేరు. ఇండిజినస్ లాటిన్ మాట. లోపల పుట్టినవాడు అని అర్థం. అందుకే ఆస్ట్రేలియా, అమెరికా ఆదివాసులకూ అదే మాట వాడతారు. దాని పక్కనున్న 'ఇండిజెంట్' అంటే నిరుపేద. లోటు ఉన్నవాడు అనే లాటిన్ అర్థం దానిది. ఇంకొంచెం కిందికి వస్తే 'ఇండిగో', నీలిమందు. ఇది నిజంగా మనదే. ఇండియా నుంచి వచ్చిన సరుకు అని గ్రీకులు పెట్టిన పేరు ఇది. ఆ వరసలో మన దేశం పేరు దాచుకున్నది రంగు ఒక్కటే.

7. ఆనకట్ట పక్కన నీలి తొట్టి

'ఆనికట్' ఇంగ్లీషు నిఘంటువులో ఉన్న దక్షిణాది మాట. తమిళ 'అణైకట్టు' నుంచి వెళ్లింది. మన ఆనకట్టకు అది తోబుట్టువు. దాని వెనకే 'అనిల్', అంటే మళ్లీ నీలిమందే. సంస్కృత 'నీలీ' అరబ్బుల చేతుల్లో 'అన్నీల్' అయి, పోర్చుగీసుల ద్వారా యూరప్ చేరింది. దానికి బిడ్డ 'అనిలిన్'. 1826లో నీలిమందును స్వేదనం చేసినప్పుడు మొదటిసారి దొరికిన ద్రవం కాబట్టి ఆ పేరు వచ్చింది. అదే అనిలిన్‌తో చేసిన ప్రయోగంలో 1856లో పెర్కిన్ అనే కుర్రవాడికి ఊదారంగు చిక్కింది. కృత్రిమ రంగుల పరిశ్రమ అక్కడ మొదలైంది. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టింది. తర్వాత మన పొలాల్లో నీలి సాగు కుప్పకూలింది. నీలి పేరు పెట్టుకున్న శాస్త్రమే నీలి మొక్కను పొలంలోంచి వెళ్లగొట్టింది. మూడు పొరుగు మాటల్లో ఇంత చరిత్ర ఉంది.

8. కాటన్ దొర పేరులో పత్తి లేదు

రాయచూరు అనగానే పత్తి గుర్తొస్తుంది. 'కాటన్' అరబ్బీ 'ఖుత్న్' నుంచి వచ్చిన మాట. దాని పైనున్న 'కాటేజ్' గుడిసె అని అర్థమున్న పాత ఇంగ్లీషు మాట 'కాట్'కు చెందినది. అదే స్పెల్లింగున్న ఇంకో 'కాట్' పడుకునే మంచం. అది హిందీ 'ఖాట్'. మరి ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్? ఆ ఇంటిపేరు పత్తికి చెందినది కాదు. 'గుడిసెల దగ్గర' అనే పాత ఇంగ్లీషు ఊరిపేరు నుంచి వచ్చింది. రాయడం ఒకటే, పలకడం ఒకటే, పుట్టుక వేరు. 1847లో మొదలైన ఆ ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ ఏడాదిని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

9. గోడౌన్‌లో దేవుడు లేడు, గోనెలో తుపాకీ లేదు

మార్కెట్ యార్డుకు వెళ్తే రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి 'గోడౌన్'. నిఘంటువులో అది 'గాడ్', 'గాడెస్'ల తర్వాత, 'గాడ్‌సెండ్'కు ముందు కూర్చుంటుంది. దేవుడితో సంబంధం లేదు, 'కిందికి వెళ్లు' అనే ఇంగ్లీషు మాటతోనూ లేదు. మలయ్ 'గుడాంగ్' దాని దగ్గరి మూలం. దానికి వెనక మన 'గిడ్డంగి', తమిళ 'కిడంగు' ఉన్నాయని నిఘంటువులు చూపిస్తాయి. గోడౌన్ అనడం పట్నపు మాట, గిడ్డంగి అనడం పల్లె మాట అనుకుంటాం. పల్లె మాటే ఓడెక్కి తిరిగొచ్చిందేమో! రెండోది 'గన్నీ', మన గోనె. సంస్కృతంలో 'గోణీ'. దాని పైనున్న 'గన్', తుపాకీ, ఒక ఆడమనిషి పేరు నుంచి వచ్చిందంటారు. 1330లో ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఒక పెద్ద యుద్ధయంత్రాన్ని 'గునిల్డా దొరసాని' అని జాబితాలో రాసుకున్నారు.

10. టీకీ టేకుకూ మధ్య పాఠం

'టీ' చైనా దక్షిణ తీరపు మాట. డచ్చి వర్తకుల ఓడల్లో యూరప్ చేరింది. అదే ఆకును ఇంకో దారిన తెచ్చుకున్నవాళ్లకు అది 'చా', 'చాయ్' అయింది. రాయచూరు బస్టాండులో చాయ్ అన్నా, టీ అన్నా తాగేది ఒకటే. 'టీక్' మాత్రం మన టేకు. మలయాళ 'తేక్కు' పోర్చుగీసు మీదుగా ఇంగ్లీషైంది. ఈ రెండింటి మధ్య 'టీచ్' ఉంటుంది. చూపించడం అని దాని పాత అర్థం. చదువు చెప్పడమంటే చూపించడమే అని పూర్వం ఇంగ్లీషువాళ్లు అనుకున్నారన్నమాట.

11. ఒక్కోసారి పొరుగూ కలిసొస్తుంది

'కొరండమ్' అనే ఖనిజం పేరు తమిళ 'కురుందం' నుంచి వెళ్లింది. తెలుగులో అది కురువిందం. కాఠిన్యంలో వజ్రం 10 అయితే దీనిది 9. ఇందులో ఎరుపు రంగున్న మేలిరకమే కెంపు. దాని పక్కమాట 'కోరస్కేట్'. లాటిన్ నుంచి వచ్చిన ఈ క్రియకు తళుక్కున మెరవడం అని అర్థం. పుట్టుకలో ఏ బంధుత్వమూ లేని ఈ రెండు మాటలు, రాయి ఒకటీ మెరుపు ఒకటీ, అక్షరం పుణ్యమా అని పక్కపక్కన చేరాయి.

12. ముంగిసకు బాతు చుట్టం కాదు

'మంగూస్' మరాఠీ 'ముంగూస్' నుంచి వెళ్లింది. తెలుగు ముంగిస, కన్నడ ముంగుసి ఆ ఇంటివే. దాని చివర బాతు పేరైన 'గూస్' వినిపిస్తుంది కాబట్టి, బహువచనంలో 'గీస్' అవుతుందని పిల్లలు పొరబడతారు. ముంగిసలో బాతు లేదు. 'మంగూసెస్' అనే రాయాలి. పక్కనున్న 'మంగ్రెల్', సంకరజాతి కుక్క, కలగలుపు అనే పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది.

13. అక్షరక్రమం కూడా నేర్పాల్సి వచ్చింది

మనకు ఇప్పుడు సహజంగా తోచే ఈ వరుస ఒకప్పుడు కొత్త. 1604లో రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు సుమారు 2,500 కఠిన పదాలతో మొదటి ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువు వేశాడు. ముందుమాటలో పాఠకులకు అక్షరాల వరుసను చూడకుండా ఒప్పజెప్పగలిగేలా నేర్చుకోమని, ఏ అక్షరం పుస్తకంలో మొదట్లో ఉంటుందో ఏది చివర్లో ఉంటుందో గుర్తుంచుకోమని చెప్పాడు. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో కూడా ఐ, జె ఒకే అక్షరంగా, యు, వి ఒకే అక్షరంగా కలిసి ఉన్నాయి. అంటే ఆనాటి పొరుగు వేరు, ఈనాటి పొరుగు వేరు.

14. 1852: రెండు పుస్తకాలు, రెండు పద్ధతులు

మన పెద్దలు మాటలను అమరకోశంలో నేర్చుకున్నారు. అందులో పొరుగు అర్థాన్ని బట్టి వస్తుంది. దేవతల పేర్లు ఒకచోట, చెట్లు ఒకచోట, నీళ్లు ఒకచోట. చదివేది వెతకడానికి కాదు, కంఠస్థం చేయడానికి. ధవళేశ్వరం పూర్తయిన ఆ 1852లోనే మద్రాసులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నిఘంటువు అక్షరక్రమంలో వచ్చింది. అదే ఏడాది లండన్‌లో వైద్యుడు పీటర్ మార్క్ రోజె తన 'థెసారస్'ను అర్థాల వర్గాలుగా పేర్చి అచ్చువేశాడు. ఇక్కడ ఒక పెద్ద నిఘంటువు అక్షరం దారిలో వచ్చిన ఏడాదే అక్కడొకాయన అమరకోశం లాంటి దారి పట్టాడు. మూడో పద్ధతీ ఉంది. 1961లో బరో, ఎమెనో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఒక్కో సంఖ్య కింద తెలుగు, కన్నడ, తమిళ తోబుట్టువులన్నీ ఒకే చోట ఉంటాయి. రక్తసంబంధం చూసి ఇళ్లిచ్చిన వీధి అది.

15. తెలుగు నిఘంటువులో గబ్బూరు పొరుగు ఎవరు?

ఇంగ్లీషు అక్షరాల్లో గాబ్రో దొరికింది. తెలుగు అక్షరాల్లో వెతికితే గబ్బూరుకు ముందు గబ్బిలం, ఆనుకుని గబ్బు వస్తాయి. గబ్బు అంటే దుర్వాసన. పాత తెలుగులో దీనికి దగ్గరలోనే 'గబ్బి' కూడా ఉంది, గర్వం గలవాడు, శూరుడు అని అర్థం. తెలుగు, కన్నడ వర్ణమాలల వరుస ఒకటే కాబట్టి 1894లో వచ్చిన కిట్టెల్ కన్నడ నిఘంటువు తెరిచినా ఈ పేరును ఇంచుమించు ఇదే చోట వెతకాలి. ఊరి పేరు చూసి పక్క ఊరి పిల్లలు ఎకసెక్కం చేస్తే ఆ పిల్లలకు ఈ పేజీ చూపించాలి. పక్కన ఉన్నంత మాత్రాన చుట్టం కాదు. గబ్బూరు పేరు వెనక పెద్దలు చెప్పుకునేది గోపురాన్ని.

ఒక్కసారి ఇలా చేసి చూడండి

ఫోనులో మాట కొడితే ఆ ఒక్క మాట అర్థమే వస్తుంది. పొరుగు కనిపించదు. అచ్చు నిఘంటువులో ఒక మాట కోసం వెళ్తే పైనా కిందా నాలుగు మాటలు కంటబడతాయి. జీడిపప్పు కోసం వెళ్లినవాడికి కాసులు దొరుకుతాయి. మీ ఇంట్లో అటక మీద పాత శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉంటే దించండి. మీ పిల్లల చేత మీ ఊరి పేరు ఇంగ్లీషులో రాయించి, దానికి పైన ఏముందో, కింద ఏముందో చదివించండి. రెండు మాటల అర్థాలు, అవి ఎక్కడ పుట్టాయో ఒక కాగితం మీద రాయించండి. గబ్బూరుకు టస్కనీలోని ఒక పల్లె దొరికింది. మీ ఊరికి ఎవరు దొరుకుతారో ఆ పేజీ తిప్పితేనే తెలుస్తుంది.